ఎయిర్‌పోర్టు దాకా రైలు ఉన్నా క్యాబ్ ఎందుకు ఎక్కుతారు?

విమానం దిగి లగేజీ తీసుకుని బయటికొచ్చేసరికి ఏ పెద్ద నగరంలోనైనా ఒకే ప్రశ్న: రైలా, బస్సా, క్యాబా? రైలు బోర్డు ఎదురుగానే కనిపిస్తుంటుంది, అయినా క్యాబ్‌ల దగ్గర క్యూ మాత్రం తగ్గదు. భారీగా ఖర్చుపెట్టి ఎయిర్‌పోర్టుకని ప్రత్యేకంగా వేసిన కొన్ని రైళ్లకు మొదట్లో జనమే దొరకలేదు. వాటికన్నా నిదానంగా, పది చోట్ల ఆగుతూ వెళ్లే మామూలు మెట్రోలు మాత్రం సూట్‌కేసులతో కిక్కిరిసి నడుస్తున్నాయి. కొత్త లైన్ ప్రకటించినప్పుడల్లా "ఎన్ని నిమిషాల్లో చేరుస్తుంది" అన్న చర్చే ఎక్కువగా నడుస్తుంది కాబట్టి, ఈ తేడా చాలామందికి అంతుపట్టదు.

క్లుప్తంగా: ఎయిర్‌పోర్టు రవాణా ఆడుతుందా లేదా అన్నది రైలు వేగం మీద కన్నా మూడు విషయాల మీద ఎక్కువగా ఆధారపడుతుంది. నగరంలోని మామూలు టికెట్టూ పాసూ అక్కడ చెల్లుతాయా, మధ్యలో ఎన్నిసార్లు మారాలి, తెల్లవారుజామునా అర్ధరాత్రీ బండి ఉంటుందా. ఈ మూడూ సరిగ్గా ఉన్నచోట నిదానమైన రైలు కూడా నిండుతుంది, లేనిచోట అతి వేగమైన రైలు కూడా ఖాళీగా తిరుగుతుంది.

## ముందు రన్‌వే, ఎప్పటికో రైలు

మొదట్లో ఎయిర్‌పోర్టులు ఊరికి దగ్గరగానే ఉండేవి. బెర్లిన్‌లో టెంపెల్‌హోఫ్ విమానాశ్రయం పక్కన 1927లోనే భూగర్భ రైలు స్టేషన్ తెరిచారు. లండన్ దగ్గర గాట్విక్‌లో 1936లో కట్టిన గుండ్రటి టెర్మినల్ నుంచి రైల్వే స్టేషన్‌కు నేల కింద నడకదారి ఉండేది. అంటే రైలు దిగి, వాన పడుతున్నా తడవకుండా విమానం దాకా వెళ్లొచ్చు. ఇప్పుడు గొప్పగా చెప్పుకునే సౌకర్యం అప్పటికే ఉందన్నమాట.

జెట్ విమానాలు వచ్చాక లెక్క మారింది. రన్‌వే పొడవు మూడు నాలుగు కిలోమీటర్లకు పెరిగింది, శబ్దం భరించలేనంత అయింది, అంత నేల ఊరి మధ్యలో దొరకదు. దాంతో ఎయిర్‌పోర్టులు దూరంగా జరిగాయి. అది కార్లూ హైవేలూ పెరుగుతున్న కాలం, అందుకే కొత్త ఎయిర్‌పోర్టుకు ముందు రోడ్డు వేశారు, రైలు సంగతి తర్వాత చూద్దామన్నారు. ఆ "తర్వాత" చాలాచోట్ల దశాబ్దాలు పట్టింది. వాషింగ్టన్ దగ్గరి డల్లెస్ ఎయిర్‌పోర్టు 1962లో తెరిచారు. అక్కడికి వేసిన రోడ్డు మధ్యలో భవిష్యత్తు రైలు కోసమని జాగా కూడా వదిలారు. మెట్రో వచ్చింది 2022 నవంబర్‌లో, అరవై ఏళ్ల తర్వాత. డెన్వర్ కొత్త ఎయిర్‌పోర్టు 1995లో మొదలైతే నగరం నుంచి రైలు 2016లో వచ్చింది.

టోక్యోకు దాదాపు 60 కిలోమీటర్ల దూరంలో ఉన్న నరిటాది ఇంకో రకం కథ. 1978లో ఎయిర్‌పోర్టు తెరిచేనాటికే షింకన్‌సెన్ అనే బుల్లెట్ రైలు కోసం టెర్మినల్ కింద స్టేషన్ కట్టి పెట్టారు. ఆ షింకన్‌సెన్ ప్రాజెక్టు ఆగిపోయింది. దాంతో ప్రయాణికులు బయట ఉన్న ఇంకో స్టేషన్‌లో దిగి, బస్సు పట్టుకుని టెర్మినల్‌కు వెళ్లాల్సి వచ్చింది. కట్టిన స్టేషన్ కాళ్ల కింద ఖాళీగా ఉండగానే పదమూడేళ్లు గడిచాయి. 1991లో మామూలు రైళ్లను అందులోకి మళ్లించారు.

రైలు ఆలస్యమైతే కష్టమే, అసలు రాకపోతే ఏమవుతుందో మాంట్రియల్ చూపించింది. 1975లో తెరిచిన మిరబెల్ ఎయిర్‌పోర్టుకు వేయాలనుకున్న రైలు ఎన్నటికీ రాలేదు, అనుకున్న రోడ్లూ పూర్తి కాలేదు. నగరానికి దగ్గరగా ఉన్న పాత ఎయిర్‌పోర్టు నడుస్తూనే ఉండటంతో జనం అటే మొగ్గారు. 2004లో మిరబెల్‌లో ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. రైలు లేకపోవడం ఒక్కటే కారణం అనలేం, రెండు ఎయిర్‌పోర్టుల మధ్య విమానాలను పంచడం కూడా దెబ్బకొట్టింది, కానీ ఆ దూరం అలాగే మిగిలిపోవడం దాని పతనంలో పెద్ద భాగం.

ఇలా ఆలస్యంగా వచ్చే రైలుకు ఒక చిక్కుంది. అది వచ్చేసరికి జనానికి కారు అలవాటైపోతుంది, పార్కింగ్ స్థలాలు కట్టేసి ఉంటాయి, ట్యాక్సీల వ్యవస్థ కుదురుకుని ఉంటుంది. అలవాటు లేనిచోట కొత్త అలవాటు చేయడం సులువు, ఉన్న అలవాటును మాన్పించడమే కష్టం. నార్వేలో ఓస్లో కొత్త ఎయిర్‌పోర్టు గార్డెర్‌మోన్ 1998లో తెరిచినప్పుడు దానితో పాటే రైలు కూడా మొదలైంది. హాంకాంగ్‌లోనూ అదే ఏడాది జూలైలో కొత్త ఎయిర్‌పోర్టూ దాని రైలూ ఒకే రోజు ప్రారంభమయ్యాయి. ఈ రెండు నగరాల్లోనూ ఎయిర్‌పోర్టుకు కారులో వెళ్లేవాళ్ల కన్నా రైళ్లూ బస్సులూ ఎక్కేవాళ్లే ఎక్కువ కావడం కాకతాళీయం కాదు.

## రైలు వేగం వేరు, ప్రయాణ సమయం వేరు

షాంఘై మాగ్లెవ్‌ను చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. పట్టాలను తాకకుండా అయస్కాంత శక్తితో తేలుతూ వెళ్లే ఈ రైలు పూడాంగ్ ఎయిర్‌పోర్టు నుంచి 30 కిలోమీటర్ల దూరాన్ని దాదాపు 8 నిమిషాల్లో దాటేది, గరిష్ఠ వేగం గంటకు 431 కిలోమీటర్లు. కానీ అది ఆగేది లాంగ్‌యాంగ్ రోడ్ స్టేషన్‌లో, నగరం నడిబొడ్డున కాదు. అక్కడ దిగి, లగేజీ లాక్కుంటూ మెట్రో 2వ లైన్ ఎక్కాలి. 2010లో అదే 2వ లైన్‌ను ఎయిర్‌పోర్టు దాకా పొడిగించారు. ఎలాగూ ఎక్కాల్సిన మెట్రో ఎయిర్‌పోర్టు నుంచే దొరుకుతుంటే, కొద్ది నిమిషాల ఆదా కోసం వేరే టికెట్ కొని, మధ్యలో దిగి మారేదెవరు? మాగ్లెవ్‌ను సరదాకి ఎక్కేవాళ్లు మాత్రం ఎప్పుడూ ఉన్నారు, అదొక్కసారి ఎక్కి తీరాల్సిన బండే. 2021 నుంచి దాని వేగాన్ని గంటకు 300 కిలోమీటర్లకు తగ్గించారు.

ఇందులో ఉన్న లెక్క సులువే. ఒక ఎక్స్‌ప్రెస్ రైలు 20 నిమిషాల్లో ఊళ్లోకి చేరుస్తుందనుకుందాం, కానీ అరగంటకు ఒకటే ఉంది. సగటున 15 నిమిషాలు ప్లాట్‌ఫారం మీదే పోతాయి. దిగాక ఇంకో లైన్ మారడానికి 10, అందులో ప్రయాణం 15, చివర నడక 10. మొత్తం 70 నిమిషాలు. మామూలు మెట్రో 45 నిమిషాలు తీసుకున్నా, ఆరు నిమిషాలకొకటి వస్తూ, మారనక్కర్లేకుండా దిగాల్సిన చోటుకే వెళ్తే ఎదురుచూపు 3, నడక 10 కలిపి 58. ప్రకటనలో "20 నిమిషాలు" అన్న రైలు, "45 నిమిషాలు" అన్న రైలు చేతిలో ఓడిపోయింది.

పైగా రైలు మారడం అన్నది గడియారంలో కనిపించేంత చిన్న విషయం కాదు. రవాణా ప్రణాళికలు వేసేవాళ్లు మారే ప్రతిసారికీ అసలు పట్టే సమయం కాక అదనంగా కొన్ని నిమిషాల భారాన్ని లెక్కలో కలుపుతారు, ఎందుకంటే జనం దాన్ని అలాగే అనుభవిస్తారు. చేతిలో రెండు పెట్టెలు, పక్కన చిన్నపిల్లలు, పనిచేయని లిఫ్టు, అర్థంకాని బోర్డులు ఉంటే ఆ భారం రెట్టింపవుతుంది. రోజూ ఆఫీసుకు వెళ్లేవాడు కళ్లు మూసుకుని మారే స్టేషన్‌లో, ఆ ఊరికి మొదటిసారి వచ్చినవాడికి టెన్షన్ తప్పదు.

## వెళ్లేటప్పుడు ఒక లెక్క, వచ్చేటప్పుడు ఇంకోటి

చాలామంది ఎయిర్‌పోర్టుకు రైల్లో వెళ్లి, తిరిగొచ్చేటప్పుడు క్యాబ్‌లో వస్తారు. ఇది బద్ధకం అనిపిస్తుంది గానీ, దీని వెనక పక్కా లెక్క ఉంది.

క్యాబ్ మామూలుగా 40 నిమిషాల్లో చేరుస్తుంది, కానీ ట్రాఫిక్ బాగోలేని రోజు 90 పట్టొచ్చు అనుకోండి. రైలుకు ఎప్పుడూ 55. ఫ్లైట్ అందుకోవాల్సినవాడు 40 నిమిషాలను నమ్ముకుని బయల్దేరలేడు, 90 నిమిషాలకు సిద్ధపడాల్సిందే. పది నిమిషాలు ముందు చేరితే వచ్చే లాభం ఏమీ లేదు, పది నిమిషాలు ఆలస్యమైతే టికెట్ డబ్బులన్నీ పోవచ్చు. కాబట్టి వెళ్లేటప్పుడు అతను చూసేది సగటు సమయాన్ని కాదు, అతి చెడ్డ రోజు పట్టే సమయాన్ని. ఆ లెక్కన 55 నిమిషాల రైలు 35 నిమిషాలు మిగిలిస్తుంది. దిగి ఇంటికి వచ్చేటప్పుడు ఆ భయం ఉండదు, ఆలస్యమైతే ఆలస్యమవుతుంది. అప్పుడు సగటున 40 నిమిషాలు పట్టే క్యాబే నయం, అలసిపోయి ఉంటాడు కాబట్టి ఇంకా నయం.

దీన్నిబట్టి ఎయిర్‌పోర్టు రైలు అసలు అమ్ముతున్న సరుకు వేగం కాదనీ నమ్మకమనీ తేలుతుంది. అందుకే ఆ నమ్మకం ఒక్కసారి చెడినా నష్టం పెద్దది. ఢిల్లీ ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ లైన్ 2011 ఫిబ్రవరిలో ప్రైవేటు నిర్వహణలో మొదలైంది. 2012 జూలైలో వంతెన భాగాల బేరింగుల్లో లోపాలు బయటపడటంతో ఆపేశారు, 2013 జనవరిలో గానీ మళ్లీ నడపలేదు. ఆ ఏడాది జూలై 1 నుంచి ఢిల్లీ మెట్రో సంస్థే దాన్ని నడుపుతోంది. ఆ తర్వాత టికెట్ ధరలు తగ్గించారు, జనం పెరిగారు.

## టికెట్ ధర దగ్గరే అసలు గొడవ

ఎయిర్‌పోర్టు రైలుకు ఎక్కువ డబ్బు ఎందుకు తీసుకుంటారు? పైకి చెప్పే కారణం ఒకటే, కట్టడానికి ఎక్కువ ఖర్చయింది కాబట్టి. లోపలి కారణాలు వేరే ఉన్నాయి. విమాన టికెట్ కొన్నవాడి దగ్గర డబ్బుంటుంది అన్న ఊహ ఒకటి. ఆఫీసు పని మీద వెళ్లేవాడికి ఖర్చు కంపెనీది కాబట్టి ధర పట్టించుకోడు అన్నది ఇంకోటి. ఇంకా, బయటి ఊరివాళ్ల మీద వేసే చార్జీకి స్థానికంగా ఎవరూ గొడవ చేయరు, వాళ్లకు అక్కడ ఓటు లేదు కదా.

ఈ ఊహలు కొంతవరకే నిజం. పోటీ క్యాబ్‌తో ఉంటుంది, క్యాబ్ చార్జీ బండికి, రైలు టికెట్ మనిషికి. రైలు టికెట్ క్యాబ్ ఖర్చులో మూడో వంతు అనుకుంటే ఒక్కరికి రైలు చాలా లాభం, ఇద్దరికి కొంచెం లాభం, ముగ్గురికి సమానం, నలుగురైతే నష్టం. స్టేషన్ నుంచి ఇంటికి మళ్లీ ఇంకో బండి కావాలంటే ఇద్దరికి కూడా లాభం మిగలదు. కుటుంబాలు ఎయిర్‌పోర్టు ఎక్స్‌ప్రెస్‌లలో తక్కువగా కనిపించడానికి కారణం ఇదే.

టొరంటోలో యూనియన్ స్టేషన్ నుంచి పియర్సన్ ఎయిర్‌పోర్టుకు యూపీ ఎక్స్‌ప్రెస్ 2015 జూన్‌లో మొదలైనప్పుడు పూర్తి టికెట్ ధర 27.50 కెనడా డాలర్లు. 25 నిమిషాల ప్రయాణం, శుభ్రమైన కొత్త బోగీలు, మధ్యలో పెద్దగా ఆగదు. జనమే లేరు. 2016 మార్చిలో ధర 12 డాలర్లకు దించేసరికి రద్దీ అమాంతం పెరిగింది. రైలు అదే, పట్టాలు అవే, సమయమూ అంతే.

సిడ్నీ అనుభవం ఇంకా లోతైనది. 2000 ఒలింపిక్స్‌కు ముందు, మే నెలలో అక్కడ ఎయిర్‌పోర్టు రైలు మార్గం తెరిచారు. స్టేషన్లను నడిపే ప్రైవేటు కంపెనీకి మామూలు రైలు చార్జీ మీద అదనంగా స్టేషన్ ప్రవేశ రుసుము వసూలు చేసుకునే హక్కిచ్చారు. అనుకున్నంత మంది రాకపోవడంతో ఆ కంపెనీ కొన్ని నెలలకే అప్పుల పాలై రిసీవర్ల (అప్పిచ్చినవాళ్ల తరఫున కంపెనీని చూసుకునేవాళ్ల) చేతుల్లోకి వెళ్లింది. ఆ రుసుము ఎయిర్‌పోర్టు స్టేషన్లకే కాక అదే మార్గంలో ఉన్న మాస్కాట్, గ్రీన్ స్క్వేర్ అనే మామూలు బస్తీ స్టేషన్లకు కూడా ఉండేది. 2011లో ఆ రెండు చోట్లా తీసేశారు, అక్కడ ప్రయాణికులు బాగా పెరిగారు. ఎయిర్‌పోర్టు స్టేషన్లలో మాత్రం కొనసాగుతోంది. దాంతో డబ్బు ఆదా చేయాలనుకునేవాళ్లు మాస్కాట్‌లో దిగి నడిచో, సిటీ బస్సెక్కో టెర్మినల్‌కు చేరుకుంటారు.

ఈ పక్కదారి సిడ్నీకే పరిమితం కాదు. స్టాక్‌హోమ్‌లోనూ ఆర్లాండా ఎయిర్‌పోర్టు స్టేషన్‌ను ప్రైవేటు భాగస్వామ్యంలో కట్టారు, 1999లో ఆర్లాండా ఎక్స్‌ప్రెస్ మొదలైంది. లోకల్ రైల్లో వచ్చి అక్కడ దిగేవాళ్లు మామూలు టికెట్ కాక అదనపు రుసుము కట్టాలి. తెలిసినవాళ్లు ఏం చేస్తారంటే, దగ్గర్లోని మార్‌స్టా స్టేషన్ దాకా లోకల్ రైల్లో వెళ్లి, అక్కణ్నుంచి సిటీ బస్సు పట్టుకుంటారు. ఆ రుసుము ఉండదు, సమయం మాత్రం ఎక్కువ పడుతుంది. కోట్లు పెట్టి టెర్మినల్ కింద స్టేషన్ కట్టి, చివరికి జనాన్ని బస్సెక్కించడం విడ్డూరమే, కానీ ఒప్పందం అలా రాసుకున్నారు.

దీనికి పూర్తి భిన్నంగా ఉంటుంది జూరిక్. అక్కడ 1980 నుంచీ ఎయిర్‌పోర్టు కింద మామూలు రైల్వే స్టేషన్ ఉంది. నగరంలోని ప్రధాన స్టేషన్‌కు పది పన్నెండు నిమిషాలు. ఎయిర్‌పోర్టుకని ప్రత్యేక రైలు లేదు, ప్రత్యేక ధర లేదు. లోకల్ రైళ్లూ దూరప్రాంత రైళ్లూ దారిలో అక్కడా ఆగుతాయి, అంతే. దేశం నలుమూలల నుంచీ ఎవరైనా మామూలు టికెట్‌తో వచ్చి దిగొచ్చు.

## విడి రైలా, ఊరి రైలా?

ఎయిర్‌పోర్టుకే పరిమితమైన విడి రైలుకు కొన్ని సుగుణాలున్నాయి. లగేజీకి చోటుంటుంది, సీటు దొరుకుతుంది, టెర్మినల్‌కు దగ్గరగా ఆగుతుంది, బోర్డులు చదవలేనివాడికి కూడా తికమక ఉండదు. ఊరి రైల్లో ఆఫీసు వేళ పెద్ద సూట్‌కేసుతో ఎక్కడం నరకమే, ఎక్కినవాడికీ, పక్కన నిలబడ్డవాడికీ. బ్యాంకాక్‌లో 2010లో మొదలైన ఎయిర్‌పోర్ట్ రైల్ లింక్‌లో ఎక్స్‌ప్రెస్, సిటీ అని రెండు రకాల రైళ్లు నడిపారు. ఎక్స్‌ప్రెస్ 2014లో ఆగిపోయింది. అన్ని స్టేషన్లలో ఆగే సిటీ రైలును నగరవాసులు తమ రోజువారీ బండిగా చేసుకున్నారు. ఎయిర్‌పోర్టు కోసం కట్టింది కాస్తా ఊరి మెట్రోగా మారిపోయింది.

విడి రైలు బలహీనత కూడా అక్కడే ఉంది. దాన్ని నింపాల్సింది కేవలం విమాన ప్రయాణికులే, వాళ్లలోనూ నగరం మధ్యలో ఆ ఒక్క స్టేషన్‌కు దగ్గరగా పని ఉన్నవాళ్లే. నగరాలు పెద్దవైనకొద్దీ "మధ్య" అన్నది ఒకచోట ఉండదు. ఆఫీసులు ఒక వైపు, ఇళ్లు ఇంకో వైపు, హోటళ్లు మరో వైపు పెరుగుతాయి. ఒక మూలకు 15 నిమిషాల్లో చేర్చే రైలు మిగతా నగరానికి పెద్దగా ఉపయోగపడదు.

లండన్ హీత్రో దగ్గర ఈ పోటీ అంతా ఒకేచోట కనిపిస్తుంది. 1977 నుంచి పికడిల్లీ అనే మెట్రో లైన్ ఉంది, సెంట్రల్ లండన్‌కు దాదాపు 50 నిమిషాలు, అన్నిటికన్నా చవక. 1998లో హీత్రో ఎక్స్‌ప్రెస్ వచ్చింది, నగరంలోని ప్యాడింగ్టన్ స్టేషన్‌కు 15 నిమిషాలు, అన్నిటికన్నా ఖరీదు. 2022లో ఎలిజబెత్ లైన్ వచ్చింది, ప్యాడింగ్టన్‌కు దాదాపు అరగంట పడుతుంది గానీ అక్కడ ఆగిపోదు, నగరం గుండా తూర్పు వైపు దాకా వెళ్తుంది, ధర ఆ రెండింటికీ మధ్యలో. ప్యాడింగ్టన్ దగ్గరే పని ఉన్నవాడికి తప్ప మిగతావాళ్లకు ఎక్స్‌ప్రెస్‌లో ఆదా అయిన 15 నిమిషాలు అక్కడ దిగి లైన్ మారడంలోనే కరిగిపోతాయి. ఎక్స్‌ప్రెస్ ముందుగా బుక్ చేసుకున్నవాళ్లకు ఎంతో తగ్గించి టికెట్లు అమ్మడం చూస్తే ఆ ఒత్తిడి అర్థమవుతుంది.

ఓస్లోలో ఇంకో విచిత్రం. ప్రత్యేక ఎయిర్‌పోర్టు రైలు ఫ్లైటోగెట్‌కు నగర కేంద్రం దాకా దాదాపు 20 నిమిషాలు పడితే, అదే పట్టాల మీద నడిచే మామూలు రైలుకు కూడా ఇంచుమించు అంతే పడుతుంది, ధర తక్కువ. అయినా రెండూ నడుస్తున్నాయి. ప్రత్యేక రైలు తరచుగా ఉంటుంది, వేళలు గుర్తుపెట్టుకోనక్కర్లేదు, ఎయిర్‌పోర్టు ప్రయాణికుణ్ని దృష్టిలో పెట్టుకునే అంతా అమర్చారు. అంటే విడి రైలు పద్ధతి పూర్తిగా తప్పని కాదు, ఇంకో దారి మూసేసి జనాన్ని అందులోకి తోస్తేనే వికటిస్తుంది.

ఒకప్పుడు విడి రైళ్ల వైపు పెద్ద ఆకర్షణ ఊళ్లోనే చెక్ ఇన్. నగరంలోని స్టేషన్‌లో లగేజీ అప్పజెప్పి, బోర్డింగ్ పాస్ తీసుకుని, ఖాళీ చేతులతో రైలెక్కొచ్చు. హాంకాంగ్‌లో ఇది పేరు తెచ్చుకుంది. లండన్ ప్యాడింగ్టన్‌లో పెట్టారు గానీ కొన్నేళ్లకే ఎత్తేశారు. భద్రతా నిబంధనలు కఠినమయ్యాయి, స్టేషన్‌లో సిబ్బందిని పెట్టడానికి విమాన సంస్థలకు ఖర్చు, ఇక ఫోన్‌లోనే చెక్ ఇన్ అయిపోతున్నాక సగం అవసరం తీరిపోయింది. మిగిలింది లగేజీ బరువు ఒక్కటే, కానీ రైలు వద్దనుకునేవాడికి అసలు కారణం కూడా అదే.

## ఎయిర్‌పోర్టుకు రోజూ వెళ్లేవాళ్లు

ఈ చర్చల్లో ఎప్పుడూ వెనకబడిపోయేది అక్కడ పనిచేసేవాళ్లు. పెద్ద ఎయిర్‌పోర్టు అంటే చిన్న పట్టణం. సెక్యూరిటీ, లగేజీ ఎత్తేవాళ్లు, శుభ్రం చేసేవాళ్లు, దుకాణాలవాళ్లు, కార్గో షెడ్లలో పనిచేసేవాళ్లు, అందరూ కలిసి వేలల్లో, పెద్ద చోట్ల పదివేలల్లో ఉంటారు. ప్రయాణికుడు ఏడాదికి నాలుగైదు సార్లు వెళ్తాడేమో, వీళ్లు రోజూ వెళ్లి రావాలి. ఎక్స్‌ప్రెస్ టికెట్ ధర వీళ్ల జీతానికి సరిపడదు, ఎక్స్‌ప్రెస్ వేళలు వీళ్ల షిఫ్టులకు కుదరవు. ఉదయం 6 గంటల విమానానికి కౌంటర్లు తెరవాలంటే సిబ్బంది 4 లోపే చేరాలి, ఆ వేళకు చాలా నగరాల్లో మొదటి రైలు ఇంకా బయల్దేరదు. రాత్రిపూట కొన్ని గంటలు రైళ్లు ఆపకపోతే పట్టాల మరమ్మతు జరగదు, ఆ ఇబ్బందీ నిజమే. కోపెన్‌హాగెన్ మెట్రో డ్రైవర్ లేకుండా 24 గంటలూ నడుస్తుంది, దాని లైన్ 2007 నుంచి ఎయిర్‌పోర్టు దాకా ఉంది, కానీ మొదటి నుంచీ అలా నడిచేలా కట్టిన వ్యవస్థలకే అది సాధ్యం.

హాంకాంగ్ ఈ విషయంలో తెలివిగా ఆలోచించింది. ఎయిర్‌పోర్టు ఎక్స్‌ప్రెస్ 24 నిమిషాల్లో నగరం చేరుస్తుంది, ధర ఎక్కువ. దాంతో పాటు "ఎ" అక్షరంతో మొదలయ్యే బస్సులు త్వరగా వెళ్తాయి, "ఇ" బస్సులు కార్గో ప్రాంతాల మీదుగా, సిబ్బంది ఉండే తుంగ్ చుంగ్ మీదుగా చుట్టూ తిరిగి తక్కువ చార్జీకి వెళ్తాయి, "ఎన్" బస్సులు రాత్రిళ్లు నడుస్తాయి. ఎస్1 అనే చిన్న రూటు బస్సు తుంగ్ చుంగ్ మెట్రో స్టేషన్‌కు చేరుస్తుంది, అక్కణ్నుంచి మామూలు మెట్రో. డబ్బు ఎక్కువున్నవాడికీ, సమయం ఎక్కువున్నవాడికీ, అర్ధరాత్రి షిఫ్టువాడికీ వేరువేరు దారులున్నాయి, ఎవరినీ ఒకే రైల్లోకి తోయలేదు.

బస్సును తక్కువ చేసి చూడటం అన్నిచోట్లా ఉన్నదే. ట్రాఫిక్‌లో ఇరుక్కుంటుంది, ఎక్కడ ఎక్కాలో కొత్తవాడికి తెలియదు, రిబ్బన్ కత్తిరించడానికి స్టేషనంత బాగుండదు. కానీ బస్సు నగరంలో పది వైపులకు వెళ్లగలదు, కొత్త రూటు వేయడానికి పదేళ్లు పట్టదు. న్యూయార్క్ లాగ్వార్డియా ఎయిర్‌పోర్టుకు రైలు లేదు. వేయాలనుకున్న ఎయిర్‌ట్రెయిన్ (ఎయిర్‌పోర్టును దగ్గరి రైలు స్టేషన్‌కు కలిపే చిన్న రైలు) ప్రాజెక్టును 2023లో రద్దు చేసి, బస్సులను మెరుగుపరచడం మేలన్నారు. అప్పటికే అక్కడి క్యూ70 బస్సును 2022 నుంచి ఉచితం చేశారు. అదే నగరంలో జేఎఫ్‌కే ఎయిర్‌పోర్టుకు 2003 నుంచి ఎయిర్‌ట్రెయిన్ ఉంది, టెర్మినళ్ల మధ్య తిరగడానికి ఉచితం గానీ జమైకా లేదా హోవర్డ్ బీచ్ స్టేషన్ దగ్గర బయటికి రావాలంటే రుసుము కట్టి, మళ్లీ సబ్‌వేకు వేరే టికెట్ తీసుకోవాలి.

## పార్కింగ్ డబ్బులు ఎవరికి

ఎయిర్‌పోర్టును నడిపే సంస్థకు విమానాల నుంచి వచ్చే ఆదాయం ఒకటే ఉండదు. దుకాణాల అద్దెలు, కార్ల పార్కింగ్, అద్దె కార్లు, ట్యాక్సీలూ యాప్ క్యాబ్‌ల ప్రవేశ రుసుములు, ఇవన్నీ పెద్ద ఆదాయం. రైలెక్కి వచ్చిన ప్రతి ప్రయాణికుడూ ఆ పార్కింగ్ ఆదాయంలో కొంచెం తగ్గించినట్టే. రైలు టికెట్ డబ్బు వేరే సంస్థకు పోతుంది. అలాంటప్పుడు స్టేషన్‌కు దారి చూపే బోర్డు ఎంత పెద్దదిగా పెట్టాలి, బస్ స్టాప్ తలుపు ఎదురుగా ఉండాలా పార్కింగ్ భవనం వెనకాల ఉండాలా అన్న నిర్ణయాలు ఎవరి చేతిలో ఉన్నాయో చూస్తే కొన్ని ఎయిర్‌పోర్టుల నడవడిక అర్థమవుతుంది.

అయితే ఒత్తిడి రెండో వైపు నుంచి కూడా ఉంటుంది. టెర్మినల్ ముందు రోడ్డు పొడవు పెరగదు, ప్రయాణికులు పెరుగుతూనే ఉంటారు. అందరూ కార్లలోనే వస్తే ఎయిర్‌పోర్టు రన్‌వే దగ్గర కాక గేటు దగ్గరే నిండిపోతుంది. బోస్టన్ లోగన్ ఎయిర్‌పోర్టులో పార్కింగ్ స్థలాల సంఖ్య మీద నియంత్రణ ఉంది, అందుకే అక్కడి యాజమాన్యం బస్సులను ప్రోత్సహించక తప్పలేదు. ఎయిర్‌పోర్టు నుంచి నగరంలోకి సిల్వర్ లైన్ బస్సు ఉచితంగా ఎక్కొచ్చు. హీత్రో 2021 నవంబర్ నుంచి టెర్మినల్ ముందు దించి వెళ్లే వాహనాలకు రుసుము పెట్టింది. దానివల్ల కార్లు కొంత తగ్గుతాయి, డబ్బూ వస్తుంది, ఇందులో ఏది ముఖ్య ఉద్దేశమో అడిగేవారిని బట్టి జవాబు మారుతుంది.

## బయల్దేరే ముందు చూసుకోవాల్సినవి

కొత్త నగరంలో రైలా క్యాబా అని తేల్చుకోవడానికి ముందు చివరి రైలు వేళ చూడాలి, మిగతావన్నీ తర్వాత. రాత్రి 11కు దిగాల్సిన విమానం గంట ఆలస్యమై, ఇమిగ్రేషన్ క్యూలో ముప్పావు గంట పోతే, 12:30కి ఉన్న చివరి బండి అందదు. తర్వాత చూడాల్సింది రైలు ఆగే టెర్మినల్. ఒకటి కన్నా ఎక్కువ టెర్మినళ్లున్న చోట ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్లడానికే పావుగంట పట్టొచ్చు. ప్లాట్‌ఫారం మీద ప్రత్యేక రైలు టికెట్ అమ్మే మెషీన్ ముందు కనిపిస్తుంది, పక్కనే అదే పట్టాల మీద సగం ధరకు వెళ్లే మామూలు రైలు ఉండొచ్చు, ఆ సంగతి అక్కడ రాసి ఉండదు. బ్యాంకు కార్డును నేరుగా గేటు దగ్గర తాకించి వెళ్లే వీలున్న నగరాల్లో టికెట్ గొడవ చాలావరకు తీరిపోయింది, కానీ ఎక్స్‌ప్రెస్ రైలుకూ మామూలు రైలుకూ ఒకే గేటు ఉంటే, తెలియక ఖరీదైనదాంట్లో ఎక్కేసే ప్రమాదమూ ఉంది.

## ప్యారిస్‌లో రెండు పద్ధతులూ

రానున్న ఏళ్లలో ఈ రెండు ఆలోచనలూ పక్కపక్కన ఎలా నడుస్తాయో ప్యారిస్‌లో చూడొచ్చు. 2024 జూన్‌లో అక్కడి మెట్రో 14వ లైన్‌ను ఓర్లీ ఎయిర్‌పోర్టు దాకా పొడిగించారు. అది నగరాన్ని ఉత్తరం నుంచి దక్షిణం దాకా చీల్చుకుంటూ వెళ్లే మామూలు లైన్, డ్రైవర్ లేని రైళ్లు. విడి టికెట్ కొనేవాళ్లకు ఎయిర్‌పోర్టు ధర ఎక్కువే పెట్టారు, నెల పాస్ ఉన్నవాళ్లు మాత్రం అదే పాస్‌తో ఎయిర్‌పోర్టులో దిగొచ్చు. అంటే బయటివాడి దగ్గర ఎక్కువ తీసుకుంటూనే, అక్కడ పనిచేసేవాణ్ని ఆ భారం నుంచి తప్పించారు.

షార్ల్ ద గోల్ ఎయిర్‌పోర్టుకు 1976 నుంచీ రైలు ఉంది, ఇప్పుడది ఆర్‌ఈఆర్ బి అనే శివారు రైలు లైన్‌లో భాగం. శివారు ప్రాంతాల జనంతో, సూట్‌కేసులతో అది ఎప్పుడూ కిటకిటలాడుతుంటుంది. దానికి తోడుగా సీడీజీ ఎక్స్‌ప్రెస్ అనే విడి రైలును కడుతున్నారు. గార్ ద లెస్ట్ స్టేషన్ నుంచి మధ్యలో ఎక్కడా ఆగకుండా 20 నిమిషాల్లో చేరుస్తుందని, 2027లో మొదలవుతుందని ప్రకటించారు. విమర్శకుల అభ్యంతరం ఆ 20 నిమిషాల గురించి కాదు. ఇంత డబ్బు శివారువాళ్లు రోజూ ఇబ్బంది పడుతున్న బి లైన్‌ను బాగుచేయడానికి పెట్టి ఉంటే, ఎయిర్‌పోర్టుకు వెళ్లేవాళ్లకూ అదే మేలయ్యేది కదా అన్నది వాళ్ల ప్రశ్న.